అమావాస్య పూట ఉలి చప్పుడు

నా పెద్దకూతురు పుట్టింది నంద్యాలలో, మా అమ్మగారింట్లో. డెబ్బైల చివర్లో మాట. అబ్బబ్బ, ఏం గొంతు! పగలంతా ఒకటే ఏడుపు. "దీన్ని బిరీన మీ అత్తకు అప్పజెప్పు తల్లీ, ఈడ ఇంటికప్పు ఎగిరిపోతాది" అని మా నాయన నవ్వేవాడు. మూడో నెలలో ఆళ్లగడ్డకు తెచ్చుకున్నా.

మా ఆయనది రాతిపని. ఇంటి ముందే కొట్టం. తెల్లారింది మొదలు ఆరుమంది కూర్చుని దేవుళ్ల బొమ్మలు చెక్కుతాంటారు. కొత్తలో ఆ ఉలి మోతకు నా తల పగిలిపోయేది. పాప మాత్రం వచ్చిన దినమే ఉయ్యాల్లో హాయిగా నిద్రపోయింది. నేను సంబరపడినా. మా అత్త పడలా.

"ఏమ్మే, ఇంత మోతలో బిడ్డ ఎట్ల పండుకుంటాది? చెవులు ఇనపడతాండాయా?" అనింది. అని ఊరుకుందా? ఇత్తడి తట్ట తెచ్చి ఉయ్యాల పక్కన దబీమని పడేసింది. పాప కదల్లా.

నాకు ఒళ్లు మండింది. "ముందు నీ చెవులు చూపించుకో పో అత్తా" అనేసినా. నా నోరు అంత మంచిది కాదులే. ఆమె అట్ల పోతూనే, నేనే పాప వెనక చేరి చప్పట్లు కొట్టినా. ఒకసారి కాదు, దినామూ. మెలకువగా ఉన్నప్పుడు కూడా తిరిగి చూడలా. ఆ మోతలో నా చప్పట్లు ఏ మూలకని నాకు తట్టనే లేదు. లోపల్లోపల భయంతో చచ్చినా గానీ, ఎవరికీ చెప్పలా.

ఆ వారమే అమావాస్య వచ్చింది. అమావాస్యనాడు మా ఇంట్లో ఉలి ముట్టరు. ఒకసారి మా ఆయన మరిచిపోయి ముట్టుకుంటే, అత్త తిట్టిన తిట్లకు వీధంతా బయటికొచ్చింది. ఆ పొద్దు కొట్టంలో సద్దు లేదు. పాప పొద్దున్నుంచీ ఏడుపే. పాలిచ్చినా, ఎత్తుకొని తిప్పినా. ఊహూఁ. మధ్యాహ్నానికి నాకు ఓపిక పోయింది. "చప్పుడు లేకుంటే దీనికి నిద్ర రాదేమో! కడుపులో ఉన్నప్పుడు ఇన్నదంతా ఆ మోతే గదా!" అని అరిచినా.

అత్త నా మొహం చూసింది. కొట్టంలోకి పోయింది. ఉలీ సుత్తీ తీసుకొని, పక్కన పడున్న రాతిముక్క మీద ణంగుమని కొట్టింది.

పాప ఏడుపు ఆపింది. నా భుజం మీద నుంచి తల తిప్పి కొట్టం దిక్కు చూసింది.

"ఇనపడింది అత్తా! తిరిగి చూసింది!" అని కేకేసినా.

లోపల్నుంచి మా ఆయన పరిగెత్తుకొచ్చి, "అమ్మా, ఈపొద్దు అమావాస్య" అన్నాడు.

"అమావాస్యా లేదు, గిమావాస్యా లేదు, పోరా!" అనింది ఆమె. కండ్లనీళ్లు కారతాండాయి, చెయ్యి మాత్రం ఆపలా. పాప నిద్రపోయిందాకా కొడతానే ఉంది.