మూడోసారి చదివించిన నోటీసు

హిందూపురం నుంచి ధర్మవరం పోయే బస్సులో, పక్క సీట్లోని చూపులేని పెద్దాయన నా చేతికి కోర్టు నోటీసు ఇచ్చాడు.

"చదువప్పా. ఇల్లు నాదని చెప్పుకునే వాయిదా ఎప్పుడుండాది?"

"ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టినోన్ని పెద్దాయనా. తప్పు చదివితే తిట్టొద్దు" అన్నాను. ఆయన నవ్వాడు.

కూడబలుక్కుంటూ చదివాను. వాయిదా పోయిన సోమవారమే దాటిపోయింది. ఆ మాటే చెప్పి, "ఇంట్లో ఎవరూ చదివి చెప్పలేదా?" అని అడిగాను.

"మా తమ్ముడు చదివినాడు. పింఛను కాగితమన్యాడు. కేసేసింది వాడేనంట."

నోటీసు తిరిగి ఆయన చేతిలో పెట్టాను.

పెనుకొండలో దిగేముందు ఆయన నోటీసు మడిచి, చొక్కా లోపలి జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

"పొద్దున్నుంచి నువ్వు మూడోవానివి. తప్పు చదువుతానంటివి కదప్పా, నువ్వూ అదే తేదీ చదివితివే" అన్నాడు.