ముందు తోక చూడాలి

తొంభైల చివర టెక్కలిలో బీయస్సీ చదివే రోజుల్లో మా వాళ్లందరికీ నేనే సైంటిస్టుని. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట, నా వాలకం సరిగ్గా అదే. తొండని ఉత్త తొండ అననిచ్చేవాణ్ణి కాదు. దాని లాటిన్ పేరు, కుటుంబం, వర్గం అన్నీ అప్పజెప్పి గానీ వదిలేవాణ్ణి కాదు.

సెలవులకి అక్కుపల్లిలో అక్క ఇంటికి వెళ్లాను. ఒక ఉదయం బావ సముద్రం మీద చేపల వేట నుంచి వచ్చి మడమ చూపించాడు. రెండు చిన్న చుక్కలు, అంతే. వాపు లేదు, నొప్పీ లేదన్నాడు. కరిచిన పాముని ఒడ్డునే నరికి, తల ఉన్న ముక్కని సంచిలో తెచ్చాడు. వలలో పాములు పడటం వాళ్లకి మామూలే, నవ్వుతూనే ఉన్నాడు. అక్కే పలాస ఆసుపత్రికి బయలుదేరమని గొడవ పెట్టింది.

"నువ్వు సదివినోడివి కదా, సూసి సెప్పరా. దీనికి ఇసం ఉందా?" అంది నాతో.

పాముల్ని గుర్తుపట్టడానికి పుస్తకంలో ఒక వరస ఉంది. మొదట తోక చూడాలి. చపటగా ఉంటే సముద్రపు పాము, విషం. గుండ్రంగా ఉంటేనే తల మీది పొలుసుల దాకా వెళ్లాలి. మా ల్యాబు సీసాల్లో ఉన్నవన్నీ నేల పాములే కాబట్టి ఆ మొదటి మెట్టు ఎవరమూ పట్టించుకునేవాళ్లం కాదు. నేను తలని తిప్పి తిప్పి చూశాను. నాగు కాదు, కట్లపాము కాదు. నీటిపాము, విషం లేదని తేల్చేశాను.

బావ చద్దన్నం తిని పడుకున్నాడు. మధ్యాహ్నానికి ఒళ్లంతా పట్టేసిందన్నాడు. తర్వాత దవడ తెరుచుకోలేదు. రెప్పలు వాలిపోయాయి. అక్క వేళ్లతో వాటిని పైకెత్తితే లోపల కళ్లు మమ్మల్ని చూస్తూనే ఉన్నాయి. నేను పిలిస్తే కనుగుడ్లు మెల్లగా నా వైపు తిరిగాయి. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయం. ఆటో పలాస చేరేలోపే ఊపిరి ఆగిపోయింది.

మట్టి చేసిన మర్నాడు ఒడ్డుకి వెళ్లి వెతికాను. రెండో ముక్క ఇసుకలోనే ఉంది, చీమలు పట్టాయి. తోక తెడ్డులా చపటగా ఉంది. గొయ్యి తీసి పాతేశాను. ఎవరికీ చెప్పలేదు.

అక్క ఆ ఇంట్లోనే ఉంది. పొద్దు వాలితే తలుపులు బిగించి, పిల్లల్ని వాకిట్లోకి కూడా రానివ్వదు. బావ ఎలా పోయాడని ఎవరైనా అడిగితే పాము వల్ల కాదంటుంది.

"మా తమ్ముడు సూసే సెప్పాడు, దానికి ఇసం నేదని. ఇంకేటో వచ్చి పట్టుకుపోనాది."

నేను పక్కనే కూర్చుని తల ఊపుతాను.