నల్ల విండోలో నీలం అక్షరాలు

“పట్టపగలు ఆ ట్యూబులైటు ఎందుకే? ఆపు.”

“ఆపితే అస్సలు కనపడదు అమ్మమ్మా! నల్ల విండోలో నీలం అక్షరాలు. నీకేం తెలుసు నా బాధ?”

“కనపడని ఉద్యోగం ఎందుకు మరి? కళ్ళు పోయాక ఏం చేస్తావు? మానెయ్.”

“మానెయ్యను.”

మా అమ్మాయి కూతురు మా తోట ఇంట్లోనే కూర్చుని, ఎక్కడో హైదరాబాదులో ఉన్న ఆఫీసు కంప్యూటరును తన ల్యాప్‌టాప్‌లోని ఆ విండో ద్వారా నడుపుతుంది. కొత్త ఉద్యోగం. సాయంత్రమయ్యేసరికి నొప్పికి తలకు గుడ్డ కట్టుకుని పడుకునేది. నా భయమంతా దాని కళ్ళ గురించే.

“పోనీ, ఆ రంగు మార్చుకోరాదూ?” అన్నాను.

“ఆఫీసు వాళ్ళది మనం ముట్టుకోకూడదు.”

తోట కాపును వ్యాపారికి అమ్మేశాక మన చెట్టు మామిడికాయైనా అడగకుండా కోయకూడదని దానికి చిన్నప్పటినుంచీ నేర్పింది నేనే.

“అయితే అడుగు,” అన్నాను.

ఫోను చేసి, తనతో పనిచేసే అమ్మాయిని అడిగింది. ఆ అమ్మాయి పకపకా నవ్విందట. విండో సెట్టింగులు మన ల్యాప్‌టాప్‌లోనివేనట, ఆఫీసు కంప్యూటరుకు వాటితో పనే లేదట. మనవరాలు వెనక నలుపు తీసేసి తెలుపు పెట్టింది, అక్షరాలు పెద్దవి చేసింది, సేవ్ కూడా చేసింది.

“దీనికేమైనా డబ్బు కట్టాలా?” అన్నాను.

“పైసా అక్కర్లేదు అమ్మమ్మా!”

నా గుండెల మీద బరువు దిగింది.

మర్నాడు పొద్దున విండో తెరిస్తే అక్షరాలు పెద్దగానే ఉన్నాయి. అది పనిలో పడింది. నేను వెళ్ళి ట్యూబులైటు ఆపాను. అది తలెత్తకుండా టైపు చేసుకుంటూనే ఉంది.