దాహం వేసిన ఇంజను

ఓడలరేవులో బోటు ఇంజన్లు బాగుచేసే ధనరాజు, ముందు చొక్కా విప్పి మడతపెడతాడు. తర్వాత స్క్రూడ్రైవరు మొన ఇంజనుకీ, పిడి చెవికీ ఆనించి, అత్తారింటి పెద్దను పలకరించినట్టు “ఏవండీ, ఎక్కడ నొప్పండీ?” అని ఇంజన్నే అడుగుతాడు. వరసకి అక్కయ్యే సత్యవేణి కొడుకు నడిపే బోటు మాత్రం జవాబు చెప్పలేదు. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటొచ్చిన ప్రతిసారీ రేడియేటర్లో నీళ్లు తగ్గిపోతున్నాయి. కింద చూస్తే చుక్క తడి లేదు. గొట్టాలూ పంపూ పొడిగానే ఉన్నాయి.

“మీ బావగారు ఆ మొగలోనే పోయేరు కదా. దాహమేసి తాగుతున్నారు. ఆ నీళ్లు ఆపెయ్యకు తమ్ముడూ,” అంది సత్యవేణి.

“ఆయ్, తాగితే తాగేరు గానీ అక్కగారూ, నీళ్లు లేక మొగలో ఇంజను పట్టేసిందంటే మీ అబ్బాయినీ పక్కన కూర్చోబెట్టుకుంటారండి.”

ఇంజను పైమూత, హెడ్డు విప్పితే పిస్టన్లన్నీ మసి, ఒక్కటి మాత్రం తోమిన గిన్నెలా తెల్లగా ఉంది. హెడ్డు కింద నీళ్లు కారకుండా వేసే గ్యాస్కెట్ కాలిపోయి, నీళ్లు ఆ పిస్టన్ మీదికి దిగి, ఆవిరై పొగతో పోతున్నాయి. కొత్త గ్యాస్కెట్ వేస్తుంటే సత్యవేణి, మొగుడు రెండోసారి పోయినట్టు ఏడ్చింది.

ట్రయల్లో నీళ్లు తగ్గలేదు. మొగ దగ్గర ధనరాజు ఇంజను ఆపి, ఎవరూ చూడకుండా తన మంచినీళ్ల సీసాను సముద్రంలోకి వంచాడు. “తాగండి బావగారూ.”

సీసా ఖాళీ అయ్యాక కూడా గుటకల చప్పుడు ఆగలేదు.