పెన్ను ఆగిన చోటు

2022 వేసవి. తిరుపతి ఊరి చివర, రేణిగుంట దారిలో ఉన్న మా లూథరన్ క్రైస్తవ విశ్వవిద్యాలయంలో డిగ్రీ పరీక్షలు జరుగుతున్నాయి. విశ్వవిద్యాలయం అన్నానని పెద్దగా ఊహించుకోకండి. మూడు బ్లాకులు, ఒక ప్రార్థన మందిరం, రెండు హాస్టళ్లు. గేటు దగ్గర తుమ్మితే ఆఫీసులో చిరంజీవ అనేంత ఆవరణ. నేను పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుని. చిత్తూరు వాణ్ణి, నుదుట నామం పెట్టుకోనిదే గడప దాటను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో దాన్ని చెరుపుకోమని నాకెవరూ చెప్పలేదు. రూల్సు దగ్గర మాత్రం నన్ను మించిన ఛాందసుడు లేడని వెనక నవ్వుకునేవారు. నిజమే, నవ్వుకోనీ అనుకునేవాణ్ణి.

మునిరత్నం బి.ఏ. విద్యార్థి. పులికాట్ ఒడ్డున, తడ దగ్గరి పల్లె వాడు. నాయన పడవ మీద రొయ్యలు పడతాడు. మునిరత్నానికి పుట్టుకతోనే చూపు లేదు. అన్ని పేపర్లూ గట్టెక్కాడు గానీ చరిత్ర పేపరు ఒకటి కిందటేడు మూడు మార్కులు తక్కువై పోయింది. చూపు లేని పిల్లలకు చదువు చెప్పే టీచర్ ట్రైనింగులో అతనికి సీటు వచ్చింది. ఆ వేసవిలో ఈ పేపరు పాసయితేనే సీటు ఉంటుంది, లేకపోతే ఇంకొకరికి పోతుంది.

చూపు లేనివారు పరీక్షలో జవాబులు చెబుతుంటే రాసిపెట్టే మనిషిని స్క్రైబ్ అంటాం. మా రూలు ప్రకారం స్క్రైబ్ చదువు విద్యార్థి చదువు కన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలి. ప్రశ్న చదివి వినిపించవచ్చు, చెప్పింది చెప్పినట్టు రాయాలి, అంతకు మించి నోరు మెదపకూడదు.

పరీక్ష పదింటికి. ఎనిమిదింటికి ఫోను వచ్చింది, స్క్రైబుగా రావలసిన ఇంటర్ అమ్మాయికి అమ్మవారు పోసిందని. ఇంటర్ పిల్లలంతా సెలవులకు ఊళ్లకు పోయారు. సంగతి తెలిసి చరిత్ర ప్రొఫెసర్ వచ్చాడు, లైబ్రేరియన్ వచ్చాడు, పని మీద వచ్చిన పాత విద్యార్థులు ఇద్దరు మేము రాస్తామన్నారు. అందరూ డిగ్రీలు, పీజీలు చేసినవాళ్లే, ఒక్కరూ పనికిరారు. చదువుకున్నవాళ్లు ఎక్కువై పని ఆగిపోవడం నా సర్వీసులో అదే మొదలు.

అప్పుడు రిజిస్ట్రార్ మేడమ్ అన్నారు, "మెస్సులో ఎస్తేరమ్మ ఉండాది గదా సార్."

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. శుక్రవారం ప్రార్థనలో బైబిలు వాక్యం చదవడం వరుసగా అందరికీ వస్తుంది. వైస్ ఛాన్సలర్ తర్వాత తోటమాలి, తోటమాలి తర్వాత నేను. నామంతోనే నిలబడి చదివేవాణ్ణి. హాస్టల్ మెస్సులో వంట చేసే ఎస్తేరమ్మ వంతు వస్తే మందిరం నిశ్శబ్దమయ్యేది. అంత స్పష్టంగా, తడబడకుండా చదివేది. ఇంటర్ పాసై, మా దగ్గరే బి.ఏ.లో చేరి, మొదటి ఏడాదిలోనే మానేసిన మనిషని అందరికీ తెలుసు. కాగితం మీద చూస్తే ఇంటర్, రూలుకు సరిగ్గా సరిపోతుంది.

చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "నాకు భయంగా ఉండాది సార్. పెన్ను పట్టి ఎన్నేళ్లో అయింది."

"నువ్వు రాయకపోతే ఆ పిల్లోడికి ఇంకో ఏడాది పోతాది," అన్నాను.

"అయితే పప్పు దించేసి వస్తాను, ఉండండి," అని వెళ్లి నిజంగానే పప్పు దించి వచ్చింది.

లైబ్రరీ పక్క గదిలో ముగ్గురం కూర్చున్నాం. కాపలాకు నేనే ఉన్నాను. గంటకు ఇరవై నిమిషాలు అదనం కాబట్టి మొత్తం నాలుగు గంటలు. మొదటి అరగంట ఆమె రాత వంకర్లు పోయింది. తర్వాత అక్షరాలు కుదురుకున్నాయి. మునిరత్నం తల కొంచెం పక్కకు వంచి, పెన్ను గీసే చప్పుడును బట్టి తన మాట వేగం తగ్గిస్తూ పెంచుతూ చెబుతున్నాడు. చూడ ముచ్చటేసింది.

చివరి వ్యాసం రైత్వారీ పద్ధతి మీద. పెద్ద మార్కుల ప్రశ్న. మునిరత్నం గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతూ, "ఈ పద్ధతిలో రైతుల కాడినుంచి జమీందార్లు శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టేవాళ్లు," అన్నాడు. రైత్వారీలో మధ్యలో జమీందారే ఉండడు, రైతు నేరుగా సర్కారుకే కడతాడు. అది తప్పుగా రాస్తే వ్యాసం మొత్తం తలకిందులవుతుంది.

ఎస్తేరమ్మ పెన్ను ఆగింది. స్నేహితులు సాయంత్రాలు మెస్సు వరండాలో మునిరత్నానికి పాఠాలు చదివి వినిపించేవారు. ఆ పక్కనే బియ్యం ఏరుతూ ఆమె ఆ పాఠాలన్నీ వినింది. తప్పని ఆమెకు తెలిసిపోయింది. తలెత్తి నా వైపు చూసింది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్లు రూలు రూలని అందరి ప్రాణాలూ తీసినవాణ్ణి, కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, వాళ్లకు వీపు పెట్టి నిలబడ్డాను. ఒక్క మాట ఆమె చెబితే చాలు, నేను వినలేదనుకుందాం అనుకున్నాను. నాకు ఆ పిల్లాడి మీద అంత ప్రేమ ఉంది.

వెనక నుంచి మునిరత్నం గొంతు వినిపించింది. "ఏమక్కా, ఆగిపోయినావు?"

"చెయ్యి నొప్పెత్తింది నాయనా. నువ్వు చెప్పు."

"ఇంతసేపూ నొప్పెత్తలా గదా. జమీందారు అంటానే ఆగింది." చిన్నగా నవ్వాడు. "తప్పు సెప్పినట్టుండాను."

ఆమె కాగితం సర్దుకోవడం వినిపించింది.

"అట్లే రాయక్కా. నాకై నాకు తట్టింటే మార్చేవాణ్ణి. నీ పెన్ను సెప్పింది నాది కాదు గదా."

మళ్లీ పెన్ను కదిలిన చప్పుడు. నేను వెనక్కి తిరిగేసరికి ఎస్తేరమ్మ కళ్లు కారుతున్నాయి. కాగితం తడవకుండా ఎడమ చేత్తో తుడుచుకుంటూ ఆ తప్పును పొల్లు పోకుండా రాస్తోంది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

పరీక్ష అయ్యాక ఎస్తేరమ్మ మెస్సుకు పరుగెత్తింది. మునిరత్నం భుజం పట్టుకుని వరండాలో నడిపిస్తున్నాను.

"సార్, మద్దెలో మీరు లేచి కిటికీ కాడికి పోయినారే, ఎందుకు సార్?"

నా అడుగులు విన్నాడన్నమాట. "గాలి ఆడలేదప్పా," అన్నాను.

"పైన ఫ్యాను తిరగతానే ఉండె గదా సార్," అని, ఇంకేమీ అడగకుండా నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలాడు.

ఫలితాలు వచ్చేదాకా నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఆ వ్యాసానికి మార్కులు రాలేదు. మిగతా జవాబులతోనే, అంచు మీద, పాసయ్యాడు. ట్రైనింగు పూర్తి చేసుకుని ఇప్పుడు చిత్తూరులో పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు.

పోయిన డిసెంబరులో పూర్వ విద్యార్థుల సభకు వచ్చాడు. నేను అప్పటికే రిటైరయ్యాను, వెనక వరుసలో కూర్చున్నాను. మైకు ముందు నిలబడి ఆ రోజు సంగతంతా చెప్పాడు. ఎస్తేరక్క పప్పు దించి వచ్చింది చెప్పాడు, పెన్ను ఆగింది చెప్పాడు, ఆమెను వేదిక మీదికి పిలిచి అందరి చేతా చప్పట్లు కొట్టించాడు. కాపలాగా ఉన్న సార్ ఎంతో మంచివారని కూడా అన్నాడు. కిటికీ మాట మాత్రం ఎత్తలేదు.

జాలిపడి దారి వదలడం సాయం కాదని, ఎదుటి మనిషిని తక్కువ అంచనా వేయడమని నాకు నేర్పింది వాళ్లిద్దరే. ఆ రోజు ఆ గదిలో రూలు తప్పింది నేనొక్కణ్ణే. వాళ్లు నా పరువు కాపాడి ఊరుకున్నారు కాబట్టి, ఆ మాట నేనే చెబుతున్నాను.