తలుపున్న గది

జెర్సీ సిటీలో అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి డాలస్ దగ్గర ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు, ఆఫీసు పనికి తలుపున్న గది ఒక్కటే మిగిలింది. అది మా ఆయనకు వెళ్ళింది. దాని గురించి ఎవరమూ మాట్లాడుకోలేదు. ఆయన మానిటర్లు అందులోకి చేరాయి, నా లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీదికి చేరింది. ఇద్దరివీ ఇంటి నుంచి చేసే ఉద్యోగాలే, నా జీతం ఆయన జీతానికి తక్కువేం కాదు. పొద్దున్నే ఆయన తలుపు వేసుకున్న చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండేది.

ఆయనకు అన్నీ అలాగే అమరుతాయి. టెక్సస్‌లో జీతం మీద రాష్ట్రం పన్ను లేదు. ఇల్లు మారిన నెలలోనే ఆయన జీతం చీటీలో, అదే పే స్టబ్‌లో, న్యూజెర్సీ పన్ను మాయమైంది. నాకు మాత్రం కోత ఆగలేదు. ఇల్లు మారానని మా కంపెనీలో జీతాలు చూసే పేరోల్ వాళ్ళకు టికెట్ పెడితే, మీ ఆఫీసు న్యూజెర్సీలోనే ఉంది కదా అని మూసేశారు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ మూసేశారు.

"నువ్వేం చేశావు?" అని మా ఆయన్ని అడిగాను.

"నేనేం చెయ్యలేదు. అడ్రస్ అప్‌డేట్ చేశా, అదే మారిపోయింది."

ఆ మాటకు రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు.

ఏడాదంతా అలా కోసి, చివరికి పొరపాటు తమదేనని పేరోల్ వాళ్ళు ఒప్పుకున్నారు. కోసింది మాత్రం న్యూజెర్సీకి కట్టేశామనీ, లెటర్ ఇస్తాం, మీరే క్లెయిమ్ చేసుకోండనీ అన్నారు. ఆ లెటర్ కోసం ఎంతమంది చుట్టూ తిరిగానో. ఆ డబ్బు చేతికొస్తే డైనింగ్ టేబుల్ ఉన్న మూలకు గోడ కట్టించి, నాకూ ఒక తలుపు పెట్టించుకోవాలని తీర్మానించుకున్నాను. మా ఆయన సరేనన్నాడు. తలుపున్న మనిషికి సరేననడం ఎంతసేపు.

ఈలోగా మా మావగారు మాతో కొన్ని నెలలు గడపడానికి వచ్చారు. టేబుల్ ఎదురుగా సోఫాలో కూర్చుని టీవీలో తెలుగు వార్తల చర్చలు పెట్టేవారు. నలుగురు ఒకేసారి అరుస్తుంటే, నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ప్రతి మీటింగ్‌లోనూ సారీ చెప్పేదాన్ని. కాస్త సౌండ్ తగ్గించమని ఒకసారి అడిగాను.

"చెవులకి అవి పెట్టుకున్నావు కదమ్మా," అన్నారు.

ఎండలు ముదిరాక చెక్కు వచ్చింది. మెయిల్‌బాక్స్‌లోంచి కవరు తెచ్చి, విప్పి చూసి, "అబ్బాయికి గవర్నమెంట్ నుంచి డబ్బులొచ్చాయమ్మా," అన్నారు మావగారు.

తీసుకుని చూశాను. మేం ఎప్పుడూ టాక్స్ కలిపే ఫైల్ చేస్తాం, మొదటి గడిలో ఎప్పుడూ ఆయన పేరే పెడతాం. చెక్కు మీద కూడా ముందు ఆయన పేరు, కింద నాది. కోత పడింది నా జీతంలో, ఏడాది పోట్లాడింది నేను.

మా ఆయన గది తలుపు తోసుకుని వెళ్ళాను. మీటింగ్‌లో ఉన్నానని వేలు చూపించాడు. అయ్యేదాకా అక్కడే నిలబడి, చెక్కు కీబోర్డు మీద పెట్టాను.

"ముందు నీ పేరే ఉంది. ఆ గోడా తలుపూ నువ్వే పెట్టించుకో. రేపట్నుంచి ఈ గది నాది."

"అది జస్ట్ ప్రింటింగ్. దానికింత సీరియస్ అవుతావేంటి?"

"టేబులూ జస్ట్ టేబులే. షిఫ్ట్ అవ్వు."

ఏమనుకున్నాడో, నవ్వేసి మానిటర్లు విప్పాడు.

మర్నాడు తలుపు వేసుకుని కూర్చున్నాను. రెండు మీటింగులు అయ్యాయి, ఎవరికీ సారీ చెప్పలేదు. తలుపంటే ఇంత సుఖమా అనుకుంటూ మంచినీళ్ళకని బయటికొచ్చాను.

డైనింగ్ టేబుల్ దగ్గర మా ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. సోఫాలో మావగారు టీవీ చూస్తున్నారు. తెర మీద నలుగురూ చేతులూపుతూ అరుచుకుంటున్నారు, సౌండ్ మాత్రం లేదు.

నన్ను చూసి మావగారు పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

"మెల్లగా నడమ్మా," అన్నారు గుసగుసగా. "అబ్బాయి పనిలో ఉన్నాడు."