హ్యాష్ గుర్తు పెట్టి ముప్పై రోజులు

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ సారు పోయారని నెల కింద ఒక బుధవారం పొద్దున వాళ్ల అల్లుడు ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే పోయారట. ఫోన్ పెట్టేశాను. నా రోజు పుస్తకంలో ఆ రోజుకు ఒక్క మాటే ఉంది: సారు లేరు.

ఆయన బీదర్‌కు వచ్చిన ఏడాది అందరూ హైదరాబాద్ పోతున్నారు. కంప్యూటర్ ముట్టుకోవడం వస్తే చాలు, అక్కడ ఉద్యోగం ఖాయమని పేరు. మా కాలేజీలో పాఠాలు చెప్పే ఇద్దరు అప్పటికే బస్సెక్కేశారు. అలాంటప్పుడు అక్కడి పెద్ద కంపెనీ వదిలి ఒక మనిషి ఎదురు వచ్చాడంటే నాకు నమ్మకం కుదరలేదు. ఏదో చేసి వచ్చాడనుకున్నాను.

నేను పదో తరగతితో ఆపినవాణ్ని. ల్యాబ్‌లో దుమ్ము తుడుస్తూ, పుస్తకాలు చూసి నేర్చుకుని, సర్వర్ చూసుకునేదాకా వచ్చాను. కంప్యూటర్లకు కావాల్సిన ప్రోగ్రాములన్నీ ప్యాకేజీలుగా ఆ సర్వర్‌లో ఉండేవి. మా ల్యాబూ, చుట్టుపక్కల బడులూ అక్కడి నుంచే తీసుకునేవి. ఏ తరం మిషన్‌కు ఏ ప్యాకేజీలు ఇవ్వాలో ఒక సెట్టింగుల ఫైలు చెబుతుంది. అందులో వచ్చినవాళ్లందరూ లైన్లు చేర్చారే కానీ ఒక్కరూ తీయలేదు. సారు వచ్చిన వారానికే తీయడం మొదలుపెట్టారు.

"ఎందుకు సార్, మంచిగనే నడుస్తుంది గద" అన్నాను.

"నడుస్తలేదు తమ్మీ, ఈడుస్తుంది. ఇగో, ఈ లైన్లల్ల ఉన్న మిషన్లు ఎక్కడున్నయో చూపెట్టు."

చూపించలేకపోయాను.

నాకంటే అనుమానం ఆయనకే ఎక్కువని మెల్లగా తెలిసింది. తాళం వేసి రెండుసార్లు లాగి, మెట్లదాకా పోయి, మళ్లీ వచ్చి లాగేవారు. ఆటో అతను "బస్టాండే సార్" అన్నాక కూడా "ఏ బస్టాండ్?" అనేవారు. ఎవరైనా "ఇది పాతది, తీసెయ్యండి" అంటే, "పాతదని ఎవరన్నరు? మిషనా, మనిషా?" అని అడిగేవారు.

అందుకే ఏ లైనూ ఒక్కసారిగా కొట్టేసేవారు కాదు. ముందు దాని మొదట్లో హ్యాష్ (#) గుర్తు పెట్టి, పక్కన తారీకు వేసేవారు. గుర్తున్న లైనును మిషన్ చదవదు, కానీ లైను పోదు. అలా ముప్పై రోజులు.

"ఎవరన్న మొత్తుకుంటరేమో చూద్దాం. మొత్తుకుంటే గుర్తు తీస్తం. లేకుంటే లైనే తీస్తం."

నేను నమ్మలేదు. అంతా పాడుచేసి, బాగుచేయడానికి తన హైదరాబాద్ వాళ్లను దింపుతాడనుకున్నాను. తీసిన ప్రతి లైనూ నా పుస్తకంలో రాసుకున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. అన్నిటికంటే పాత మిషన్ల భాగానికి ఆయన గుర్తు పెట్టినప్పుడు, రాత్రిపూటైనా ఏదీ పాడవకూడదని, సాయంత్రం ఆయన వెళ్లగానే ఆ గుర్తు తీసేశాను. పొద్దున ఆయన రాకముందే మళ్లీ పెట్టాను. ముప్పై రోజులూ అదే పని.

హుల్సూర్ బడిలో ఆ పాత మిషన్లు ఇంకా వాడుతున్నారని మా ఇద్దరికీ తెలియదు. ఫోన్ చార్జీ తక్కువని వాళ్లు సాయంత్రాలే ఫోన్ తీగ మీద మా సర్వర్‌కు కలిసేవారు. అప్పటికి నేను గుర్తు తీసేసి ఉండేవాణ్ని. ఇక మొత్తుకునేదెవరు? ముప్పై ఒకటో రోజు సారు ఆ భాగం మొత్తం తీసేశారు.

వారం తిరగకుండా ఆ బడి నుంచి ఫోన్. మర్నాడు ప్రాక్టికల్ పరీక్ష. మిషన్లు మొండికేశాయి, ప్యాకేజీలు దొరకడం లేదు. మా కాలేజీ ప్రిన్సిపాల్ అందరి ముందరే సారును నిలదీశారు.

"నెల చూసిన సార్. ఎవరూ అడగలే" అన్నారు సారు.

"ఇట్లనే చేస్తే హైదరాబాద్‌ల ఎట్ల ఉంచుకుంటరు మిమ్మల్ని! రేపు పరీక్ష ఆగిందంటే ఎల్లుండి నుంచి మీరు రాకండి."

నేను పక్కనే ఉన్నాను. పుస్తకం చేతిలోనే ఉంది. దాన్ని మూసి చంకలో పెట్టుకున్నాను.

తీసినదాని కాపీ దాచుకోనిదే సారుకు నిద్ర పట్టేది కాదు. బిస్కెట్ డబ్బాలోంచి సీడీలు తీసుకుని, నన్నూ రమ్మని హుల్సూర్ బస్సెక్కారు. భాల్కి దాటాక పల్లీల పొట్లం విప్పారు.

"తమ్మీ, సర్వర్‌ల రికార్డు చూసిన. ఆ ఫైలు రోజుకు రెండుసార్లు మారింది. పొద్దుగూకంగ ఒకసారి, పొద్దుగాల ఒకసారి. నేనైతే కాదు."

నేను ఒళ్లో ఉన్న పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాను.

"నీ పుస్తకంల రాసినవా?"

"రాసిన సార్."

"ఉన్నదున్నట్టు రాసినవా?"

"రాసిన."

"మరింకేంది. పల్లీలు తిను."

రాత్రికి ఆ సీడీల నుంచి ప్యాకేజీలు ఎక్కించాం; మర్నాడు పరీక్ష జరిగింది. ఆయన ఉద్యోగం నిలిచింది. తిరిగి వచ్చేటప్పుడు అడగకుండానే చెప్పారు: "హైదరాబాద్‌ల ఎవరినీ అడగకుండ ఒక్క లైను తీసిన తమ్మీ. ఆఫీసు మొత్తం ఆగింది. నన్నెవరూ పొమ్మనలే. నాకే అక్కడ కూసోబుద్ధి కాలే. అప్పటిసంది ముప్పై రోజులు ఆగుతున్న."

నా సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పటికీ కాలేజీలో ఆయన మాట వస్తే "హుల్సూర్ బడిని ఆపినాయన" అని నవ్వుతారు. ఆ బడిని ఆపింది నేను. ఆ రోజు చెప్పవలసింది ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నాను.

సర్వర్‌లో ప్యాకేజీలు చేర్చడానికి అనుమతి ఉన్నవాళ్ల జాబితా ఒకటుంది. అందులో మొదటి పేరు ఆయనది. మనిషి లేనప్పుడు ఆ లైను ఉండకూడదు. ఆ బుధవారమే దానికి హ్యాష్ గుర్తు పెట్టి, తారీకు వేశాను. ఈసారి సాయంత్రాలు దాన్ని ముట్టుకోలేదు.

నిన్నటితో ముప్పై రోజులు అయ్యాయి. ఎవరూ ఫోన్ చేయలేదు. సారు లెక్కన ఇక లైనే తీసేయాలి. ఈ పొద్దున అందరికంటే ముందే వచ్చి, తాళం తీసి కూర్చున్నాను. తెర మీద ఆయన పేరు, దాని ముందు గుర్తు. పక్కనే కర్సర్ మినుకుమంటోంది.